స్ప్రింక్లర్‌కు కట్టిన గుమ్మడికాయ

2022, శ్రావణ మాసం. బెంగళూరులో హూడి దగ్గర ఒక పెద్ద షాపింగ్ మాల్‌లో నేను ఫైర్ సేఫ్టీ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. మాల్ అంటే చాలామందికి ఆదివారం షికారు. గాజు పైకప్పు కింద చల్లగా తిరగడం, కొన్నా కొనకపోయినా నాలుగు షాపులు చూడడం, పైఅంతస్తులో ఏదో ఒకటి తిని ఇంటికి పోవడం. నాకు మాత్రం అది ఎప్పుడు ఎక్కడ పొగ వస్తుందో అని కాపలా కాసే చోటు. మా ఆయన నన్ను వేరే మాల్‌కు తీసుకుపోవడం ఎప్పుడో మానేశాడు. ఆయన చొక్కాలు చూస్తుంటే నేను సీలింగ్ చూస్తూ నిలబడతానట.

సీలింగ్‌లో నేను చూసేది స్ప్రింక్లర్లను. మాల్‌కు వచ్చేవాళ్లలో నూటికి తొంభైమంది వాటిని చూసి ఉంటారు కానీ గమనించి ఉండరు. బొటనవేలంత ఇత్తడి ముక్క ఒకటి పైనుంచి కిందికి తొంగి చూస్తుంటుంది. దాని చివర పళ్లున్న చిన్న బిళ్ల, మధ్యలో ఎర్రటి ద్రవం నింపిన సన్నటి గాజు గొట్టం. ఆ గాజును బల్బ్ అంటాం. మంట వేడికి బల్బ్ పగులుతుంది. పగిలిన మరుక్షణం, పైన పైపులో ఒత్తిడితో కాచుకుని ఉన్న నీళ్లు గొడుగులా విచ్చుకుని కింద పడతాయి. సినిమాల్లో చూపించినట్టు పొగ రాగానే అన్నీ ఒకేసారి కురవవు. ఏ బల్బ్ పగిలితే అక్కడే కురుస్తుంది. అయితే ఆ గాజుకు మంటా మనిషీ అనే తేడా లేదు. ఎవరి చెయ్యో నిచ్చెనో గట్టిగా తగిలినా అది పగలడమే, నీళ్లు రావడమే. ఆ వచ్చేవి కూడా మంచినీళ్లు కావు. ఏళ్ల తరబడి పైపులో నిలవున్న నల్లటి, తుప్పు కంపు కొట్టే నీళ్లు.

ఆ నెలలో మొదటి అంతస్తులో ఒక పట్టుచీరల షాపు తెరుస్తున్నారు. యజమానురాలు భాగ్యకు ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. యలహంక పాత ఊళ్లో వాళ్లది తరాలుగా మగ్గాల ఇల్లు. ఎప్పుడో తాతల కాలంలో మన సీమ వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు. నాది హిందూపురం కాబట్టి ఆమె మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్లూ నేసిన చీరలు పెద్ద అంగళ్లకు వేసేవాళ్లు. వాళ్ల వీధిలో సొంతంగా షాపు పెట్టిన మొదటి మనిషి ఈ అమ్మాయే, అదీ ఏకంగా మాల్‌లో.

పూజకు అనుమతి కోసం తల్లిని వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. తల్లి పేరు నారాయణమ్మ. చిన్న మనిషి, పెద్ద గొంతు.

"హోమం చేసుకోవచ్చునా పాపా?" అంది ఆమె కూర్చోకముందే.

"హోమం కుదరదమ్మా. పళ్లెంలో చిన్న కర్పూరం అయితే సరే. సాంబ్రాణి కూడా కొంచెమే."

"అంగడి తెరిచేదానికి పొగ లేకుంటే ఎట్ల? దేవుడికి ఈడ అంగడి ఉండాదని ఎట్ల తెలుస్తాది?"

"ఆయనకు తెలిసేలోగా మా ఫైర్ అలారం ప్యానెల్‌కు తెలిసి మాల్ అంతా సైరన్ మోగుతుందమ్మా," అన్నాను. భాగ్య నవ్వు ఆపుకోలేకపోయింది. నారాయణమ్మ మాత్రం నవ్వలేదు. బేరం ఇంకా ముగియలేదన్నట్టు నా వైపు చూసింది.

ఇలాంటి పూజలకు మాకు ఒక పద్ధతి ఉంది. పొగను పసిగట్టే స్మోక్ డిటెక్టర్లను ఆ ఒక్క షాపు వరకు కాసేపు ప్యానెల్‌లో ఆపుతాం. దీన్ని ఐసొలేట్ చేయడం అంటాం. పూజ జరిగినంతసేపూ మా మనిషి ఒకరు మంట ఆర్పే సిలిండర్ పట్టుకుని అక్కడే నిలబడాలి. మామూలుగా ఎవరినో పంపేదాన్ని. భాగ్య తాంబూలానికి రమ్మని మరీ మరీ చెప్పింది కనుక శుక్రవారం పొద్దున నేనే వెళ్లాను.

మాల్ ఇంకా జనానికి తెరవలేదు. వాళ్ల బంధువులు బస్సు మాట్లాడుకుని వచ్చారు. పట్టుచీరలు, మల్లెపూలు, చేతుల్లో పళ్లబుట్టలు. ఎస్కలేటర్ దగ్గర పెద్ద ఆడవాళ్లంతా ఆగిపోయి, ముందు నువ్వంటే నువ్వని ఒకరినొకరు తోసుకుంటున్నారు. కుచ్చిళ్లు పైకి పట్టుకుని ఒక్కొక్కరే దానిమీద కాలు పెడుతుంటే, పైకి చేరినవాళ్లు యుద్ధం గెలిచినట్టు కిందివాళ్లను పిలుస్తున్నారు. వాళ్లను దాటుకుని నేను షాపు దగ్గరికి పోయాను.

షాపు చూడముచ్చటగా ఉంది. రెండువైపులా అరల్లో చీరలు, నేలమీద తెల్లటి పరుపు, దానిమీద విప్పి పరిచిన పెళ్లిచీరలు. అలవాటు కొద్దీ తల పైకెత్తాను.

గడపకు సరిగ్గా పైన, స్ప్రింక్లర్‌కు, బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. పసుపు, కుంకుమ పూసి, కింద మిరపకాయలు గుచ్చి ఉంది. పసిబిడ్డంత ఉంది కాయ. తాడు కూడా కాదు, గట్టి ఇనుప తీగ. ఆ తీగ స్ప్రింక్లర్ చుట్టూ తిరిగి, గాజుకు అటూ ఇటూ ఉండే ఇత్తడి కొమ్ముల మధ్యనుంచి దూరి, ఎర్రటి గాజును ఒరుసుకుంటూ కిందికి దిగి, కాయను సీలింగ్‌కు దగ్గరగా బిగించి పట్టుకుని ఉంది.

"ఇది ఎవరు కట్టారు?" అన్నాను.

"నేనే మేడమ్," అని ఒకాయన సంతోషంగా ముందుకొచ్చాడు. తెల్ల పంచె, భుజంమీద జరీ కండువా. భాగ్య మేనమామ మునిరాజు. "కొక్కెం కోసం అంగడంతా ఎదికితిని. ఈ సీలింగ్ అంతా అట్ట మాదిరి ఉండాది. ఇదొక్కటే గట్టిగా కనపడె. రెండు చేతుల్తో పట్టుకొని యాలాడి గూడా చూస్తిని మేడమ్, అల్లాడలే!"

"వేలాడారా?"

"స్వల్పే మేడమ్. కాళ్లు స్టూల్ మీదే ఉండె."

నిజం చెప్పాలంటే ఆయన్ని తప్పు పట్టడానికి లేదు, ఎందుకంటే ఆయన చెప్పింది నిజమే. ఆ సీలింగ్ మొత్తంలో కాయ కట్టడానికి పనికొచ్చేట్టు కనబడేది అదొక్కటే. అంగడి తెరిస్తే గుమ్మడికాయ కట్టాలి, కట్టాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలి, ఆయనకు అది దొరికింది.

భాగ్యను పక్కకు పిలిచి, అదేమిటో, పగిలితే ఏమవుతుందో చెప్పాను. ఆమె ఒకసారి పైకి, ఒకసారి పరుపుమీది చీరలవైపు చూసింది.

"మేడమ్, ఇవి మావి మాత్రమే కాదు. మా వీధిలో మగ్గాలోళ్లందరూ నన్ను నమ్మి చీరలిచ్చినారు. మా ఇంటి ఎదురు అవ్వ, పండగ బేరానికని పెట్టుకునుండేది గూడా నాకే ఇచ్చింది. ఇవి తడిస్తే నేను ఏ మొకం పెట్టుకొని వీధిలోకి పోవాల?"

"తడవనియ్యను," అన్నాను. ఆ మాట ఏ ధైర్యంతో అన్నానో ఇప్పటికీ తెలియదు.

మొదట చీరలన్నీ బయటికి తీయమన్నాను. నారాయణమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. "ముహూర్తానికి ముందర సరుకు బయటికి పోతే అంగడి నిలుస్తాదా పాపా? నేను బతికుండగా కానియ్యను."

"అమ్మా, నీళ్లు పడితే అంగడీ ఉండదు, సరుకూ ఉండదు."

"అయితే కాయ విప్పేయ్."

"విప్పితేనే పగిలేది! తీగ గాజును ఆనుకుని ఉంది. నీళ్లు ఆపేదాకా దాన్ని కదిలించకూడదు."

"నీళ్లు ఆపు మరి! ఎవరు వద్దనిరి నిన్ను?"

ఆమెతో వాదించి గెలిచేంత వ్యవధి లేదు. ఆపాల్సిన పద్ధతి ఒకటే. ప్రతి భాగానికీ నీళ్ల పైపుమీద ఒక వాల్వ్ ఉంటుంది, దాన్ని జోన్ వాల్వ్ అంటాం. దాన్ని మూసి, పైపులో మిగిలిన నీళ్లను డ్రెయిన్ గుండా వదిలేయాలి. అంతసేపూ మొదటి అంతస్తులో ఆ వైపంతా నీటి రక్షణ ఉండదు కనుక, గార్డులు సిలిండర్లతో తిరుగుతూ కాపలా కాయాలి. వాకీటాకీలో మా ప్లంబర్ బసవరాజును వాల్వ్ దగ్గరికి పరుగెత్తమన్నాను, గార్డులను నిలబెట్టమన్నాను, ప్లాస్టిక్ షీట్లు తెమ్మన్నాను. ఉన్న షీట్లు పరుపుమీది చీరలకు సరిపోయాయి కానీ అరలకు చాలలేదు.

మిగిలింది కాయ బరువు. పూజ సందడిలో ఎవరో గడప దగ్గర స్టూల్‌ను తోసినా, ఎవరి తలో తగిలినా, ఆ కాయ ఊగుతుంది, తీగ గాజును నొక్కుతుంది. నిచ్చెన తెప్పించి ఎక్కాను. కాయ కింద రెండు అరచేతులూ పెట్టి మెల్లగా, వెంట్రుకవాసి పైకి ఎత్తాను. తీగ వదులైంది. గాజు మీద ఒత్తిడి పోయింది. నేను కదలకుండా అలా నిలబడినంతసేపూ ఏమీ కాదు. కాయ కుంకుమ నా వేళ్లకంటింది, మిరపకాయల ఘాటు నేరుగా ముక్కులోకి పోతోంది. తుమ్ము వస్తే ఏం చేయాలా అని కొత్త భయం పట్టుకుంది.

అప్పుడు వాకీటాకీ గురగురమంది. అది నిచ్చెన కింద మునిరాజు చేతిలో ఉంది. ఆయన దాన్ని పైకెత్తి నా చెవి దగ్గర పెట్టాడు.

"మేడమ్, వాల్వ్‌కు చైన్ ఉంది. బీగ ఎల్లి?" బసవరాజు అడుగుతున్నాడు, తాళంచెవి ఏదని.

ఎవరూ పొరపాటున మూసేయకుండా జోన్ వాల్వ్‌లను తెరిచిన స్థితిలో గొలుసు వేసి తాళం పెడతాం. ఆ గుత్తి నా నడుము బెల్టుకే ఉంది. రెండు చేతులూ పైన, తాళాలు కింద. చేతులు తీస్తే బరువంతా ఒక్కసారిగా గాజుమీద పడుతుంది.

"కదలాకు పాపా," అని కిందనుంచి మాట వినబడింది. నారాయణమ్మ నిచ్చెన మొదటి మెట్టు ఎక్కి, నా నడుముకు చెయ్యి వేసి, బెల్టు కొక్కెం విప్పి గుత్తి తీసుకుంది. తన సొంత బీరువా తాళాలు తీసుకున్నంత తేలిగ్గా తీసింది. "ఏది?"

"ఎర్ర రిబ్బన్ ఉన్నది."

"మునిరాజా, బేగ పో!" మునిరాజు వాకీటాకీని ఆమె చేతిలో పెట్టి, పంచె ఎగ్గట్టి సర్వీస్ కారిడార్ వైపు దౌడు తీశాడు. ఆ వయసులో అంత పరుగు పరుగెత్తిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇంతలో పూజ చేయించే అయ్యవారు గడియారం చూసుకుని, ముహూర్తం దాటిపోతుందని గొణిగాడు. అందరూ నారాయణమ్మ వైపు చూశారు. కాయ కట్టకుండా అంగడి తెరవకూడదు, కట్టిన కాయ ఇప్పుడు నా చేతుల్లో ఉంది. భాగ్య కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

నారాయణమ్మ కాసేపు నన్నూ కాయనూ మార్చి మార్చి చూసింది.

"కాయ గడప మీదనే ఉండాది గదా?" అంది అయ్యవారితో.

"ఉంది."

"నేలకు తగల్లేదు గదా?"

"లేదు."

"అయితే ఆ పాప చేతిలో ఉంటే ఏమి, తీగకు ఉంటే ఏమి? కట్టినట్టే లెక్క. కానియ్ అయ్యోరా."

అయ్యవారికి ఇంతకన్నా మంచి దారి కనబడలేదో, ఆమెను కాదనే ధైర్యమే లేదో గానీ, మంత్రం అందుకున్నాడు. అలా ఆ షాపు ప్రారంభోత్సవం నా కిందుగా జరిగిపోయింది. కర్పూరం గడప దగ్గర వెలిగించవద్దని అరిచాను, పళ్లెం దూరంగా పెట్టి వెలిగించారు. వరుసగా వచ్చిన బంధువులకు సంగతి తెలియదు. యూనిఫాం వేసుకుని నిచ్చెన మీద గుమ్మడికాయ ఎత్తి పట్టుకున్న మనిషిని చూసి, ఇదీ మాల్‌లో ఒక ఏర్పాటేమో అనుకున్నట్టున్నారు. ఒకావిడ నాకు దండం పెట్టింది. ఇంకొకావిడ ఫోటో తీసుకుంది. నారాయణమ్మ అందరికీ బొట్టు పెట్టుకుంటూ వచ్చి, మెట్టెక్కి నా నుదుటికీ పెట్టింది. "ముత్తైదువకు వాయనం తర్వాత ఇస్తాలే, చెయ్యి ఖాళీ లేదు గదా," అంది. నవ్వితే కాయ కదులుతుందని పెదవి కొరుక్కున్నాను.

చేతులు వణకడం మొదలైంది. మోచేతులు మంటలు. భాగ్య నిచ్చెనను గట్టిగా పట్టుకుని, నా మొహంలోకే చూస్తోంది. ఆ చూపు లేకపోతే ఎప్పుడో చేతులు దించేసేదాన్నేమో. ఎదురింటి అవ్వ పండగ బేరానికి అట్టిపెట్టుకున్న చీర ఆ అరల్లో ఏదై ఉంటుందా అని చూస్తూ గడిపాను.

"క్లోజ్ ఆయ్తు మేడమ్," అని చివరికి బసవరాజు గొంతు వినబడింది. వాల్వ్ మూసుకుంది. మరికాసేపటికి పైపు ఖాళీ అయిందని చెప్పాడు. రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను. మునిరాజు వగరుస్తూ తిరిగి వచ్చాడు. కట్టింది ఆయనే కనుక తీగ ఎటునుంచి ఎటు తిరిగిందో ఆయనకే తెలుసు. కటింగ్ ప్లేయర్ ఇచ్చి, స్టూల్ మీద నా పక్కనే నిలబెట్టి, ఒక్కచోట, చిన్నగా కత్తిరించమన్నాను.

ఆయన పళ్లు బిగించి నొక్కాడు. తీగ తెగింది. దానితోపాటే టక్కుమని ఇంకో శబ్దం వచ్చింది.

బల్బ్ పగిలింది. ఎర్రటి గాజు నలుసులు నా భుజంమీద రాలాయి. షాపులో అందరూ పైకి చూస్తున్నారు. భాగ్య కళ్లు మూసుకుంది. పైనుంచి కొంచెం నల్లటి నీళ్లు, ఒక గ్లాసుకు కూడా తక్కువే, నా చెంపమీదినుంచి కాలర్‌లోకి జారాయి. అంతే. ఇంకేమీ రాలేదు. ఒక్క చీరమీద ఒక్క చుక్క పడలేదు.

"అయిపాయనా?" అంది నారాయణమ్మ.

"అయిపోయిందమ్మా."

గుమ్మడికాయను ఆమె చేతులకు అందించి నిచ్చెన దిగాను. కింద మెట్టుమీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టాను, ఆగలేదు. నవ్వుతుంటే కళ్లవెంట నీళ్లు. భాగ్య నన్ను కావలించుకుని ఏడ్చింది, ఆమె కొత్త చీరకు నా చెంపమీది నల్లనీళ్లు అంటాయని చెప్పినా వదల్లేదు. మునిరాజు మాత్రం ప్లేయర్ పట్టుకుని అలాగే స్టూల్ మీద నిలబడి, "నేను దానికి యాలాడితిని గదా మేడమ్... యాలాడితిని గదా..." అంటూ ఉన్నాడు. పాపం, ఆయన్ని దించడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది.

మాల్ తలుపులు జనానికి తెరిచేలోగా బసవరాజు కొత్త స్ప్రింక్లర్ బిగించాడు, వాల్వ్ తెరిచి మళ్లీ గొలుసు వేశాడు, డిటెక్టర్లు పని మొదలుపెట్టాయి. తాళాల గుత్తి మాత్రం తాంబూలం పళ్లెంలో, తమలపాకుల మీద పెట్టి నా చేతికిచ్చారు. మొదటి బేరం ఆ రోజు బయటినుంచి వచ్చిన ఒక పెళ్లివారిది. భాగ్య చీర మడతపెట్టి వాళ్ల చేతికిచ్చింది. నేను దూరంగా నిలబడి చూశాను. ఉద్యోగంలో చేరాక అంత తేలికపడిన మనసుతో ఆ మాల్‌లో నిలబడిన రోజు ఇంకొకటి లేదు.

ఆ సాయంత్రం నా గదిలో కూర్చుని, షాపులవాళ్లకు మేమిచ్చే నిబంధనలు మళ్లీ చదివాను. స్ప్రింక్లర్‌కు ఏదీ వేలాడదీయరాదు అని స్పష్టంగానే ఉంది. దాని కింద ఇంకా గట్టి మాటలతో మరో వాక్యం చేర్చుదామనుకున్నాను. ఎంత ఆలోచించినా, మునిరాజు స్టూల్ మీద నిలబడి సీలింగంతా వెతుక్కోవడమే కళ్లముందు కదిలింది. ఆయనకు ఎన్ని వద్దులు చెప్పినా ఆయన చేతిలో కాయ ఉంది, దాన్ని ఎక్కడో ఒకచోట కట్టక తప్పదు. వద్దు అని చెప్పినవాళ్లం ఎక్కడ కట్టాలో చెప్పలేదు. వాక్యం రాయడం మానేసి బసవరాజును పిలిచి, మరుసటి రోజే భాగ్య గడపకు పైన, స్ప్రింక్లర్‌కు దూరంగా, అసలు కప్పు కాంక్రీట్‌లోకి ఒక గట్టి కొక్కెం దిగగొట్టించాను.

ఇప్పుడు ఏ షాపు అప్పగించినా ముందు కొక్కెం బిగించాకే తాళాలిస్తున్నాం. మొన్న పైఅంతస్తులో బిర్యానీ అంగడి పెడుతున్న ఒకాయన పూజకు అనుమతి అడగడానికి వచ్చాడు. ఆయన వెంట షాపుకు వెళ్లి, లోపల అడుగు పెట్టగానే అడిగాను.

"గుమ్మడికాయ ఎక్కడ కడతారు?"

ఇలాంటి ప్రశ్న ఆఫీసువాళ్లు అడుగుతారని ఆయన అనుకోలేదు. తల పైకెత్తి, సీలింగంతా ఒకసారి చూసి, ఏమాత్రం తడబడకుండా వేలు నేరుగా స్ప్రింక్లర్ వైపు చూపించాడు.

"అక్కడ కాదన్నా," అని చెయ్యి పట్టుకుని రెండడుగులు పక్కకు నడిపించాను. "ఇదిగో, ఇక్కడ."